పాత వాచీ డయల్: తుడవడం మేలా, అలాగే ఉంచడం మేలా?

పాత వాచీ డయల్ మీద మచ్చ కనబడగానే తుడిచెయ్యాలనిపించడం సహజమే కానీ, ఆ మచ్చ ఏ పొరలో ఉందో తెలియకుండా దూది చేతబట్టకూడదు. చాలా డయళ్ళకు ఆధారం ఇత్తడి పలక. దానిపై వెండిపూతో రంగో ఉంటుంది, ఆపైన పలుచని లాకరు (వార్నిష్ లాంటి పారదర్శక పూత) పొర ఉంటుంది, అక్షరాలు తరచుగా ఆ లాకరు మీదే అచ్చై ఉంటాయి. ఏళ్ళు గడిచేకొద్దీ లాకరు పసుపెక్కి పగుళ్ళిస్తుంది, ఆ పగుళ్ళగుండా తేమా గాలీ దిగి లోపలి వెండిని నల్లబరుస్తాయి. మనం మురికి అనుకునేది చాలాసార్లు ఈ నలుపే కాబట్టి, పైనుంచి ఎంత రుద్దినా అది పోదు. పోయేది కంపెనీ పేరు, నిమిషాల గీతలు. ఆల్కహాల్ పాత లాకరును కరిగించగలదు, ఉత్త నీరు కూడా పగుళ్ళలోకి దిగి పొరను లేపగలదు. అందుచేత లాకరు డయల్ విషయంలో తడి శుభ్రత కన్నా మచ్చను మచ్చగా ఉంచడమే మేలని నా నిశ్చితాభిప్రాయం.

ఎనామెల్ డయల్ సంగతి వేరు. రాగి రేకుపై గాజుపొడిని సుమారు 800 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరిగించి చేసిన ఆ ఉపరితలం, యంత్రం నుంచి విడదీశాక, గోరువెచ్చని నీటికీ తేలికపాటి సబ్బుకూ తట్టుకుంటుంది. అయితే కొలిమిలో కాల్చకుండా పైపైన రాసిన పేరుగానీ, ఎప్పుడో రంగుతో పూడ్చిన పెచ్చుగానీ ఉంటే అవి ఊడిపోవచ్చు.

వదులుగా ఉన్న దుమ్ముకు రబ్బరు బ్లోయరు చాలు. కానీ చీకట్లో వెలిగేందుకు ముళ్ళమీదా అంకెలమీదా రేడియం అనే రేడియోధార్మిక పదార్థపు పూత ఉన్న వాచీకి ఈ సలహా వర్తించదు, సరికదా ప్రమాదకరం. ఆ పూతలోని రేడియం-226 అర్ధాయువు, అంటే దాని పరిమాణం సగానికి తగ్గడానికి పట్టే కాలం, సుమారు 1600 ఏళ్ళు. చీకట్లో వెలగడం ఆగిపోయిందంటే దానితో కలిపిన జింక్ సల్ఫైడు పాడైందనే అర్థం, రేడియోధార్మికత తగ్గిందని కాదు. గాలి ఊదితే, కుంచెతో తాకితే, పెళుసుబారిన పూత ధూళిగా లేచి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అటువంటి వాచీని ఇంట్లో తెరవనే కూడదు. తర్వాతి కాలంలో రేడియం బదులు వాడిన ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) అర్ధాయువు 12.3 ఏళ్ళే కనుక ప్రమాదం చాలా తక్కువ, అయినా ఆ పూతా రాలిపోయే స్వభావం గలదే.

డయల్ మసకగా ఉందనిపించినప్పుడు ముందు అద్దాన్ని అనుమానించాలి. గీతలు పడిన యాక్రిలిక్ అద్దాన్ని మెరుగుపెట్టినా మార్పించినా, డయల్‌ను తాకకుండానే వాచీ తేటపడడం తరచుగా జరిగేదే.

చివరి మార్గం, పాత పూతను పూర్తిగా తొలగించి కొత్తగా అచ్చువేయించడం. ఒకసారి పోయిన అసలు అక్షరాల తీరు మళ్ళీ రాదు, సేకర్తల దృష్టిలో వాచీ విలువా పడిపోతుంది. అంకెలు చదవలేనంతగా పాడై, రోజూ చేతికి కట్టుకోవలసిన వాచీ అయితే తప్ప దీనికి ఒప్పుకోకూడదు. ఒప్పుకుంటే, అమ్మేటప్పుడు ఆ సంగతి కొనేవారికి స్పష్టంగా చెప్పి తీరాలి.