మైక్ కొన్నది పాటలకి, పనికొచ్చింది పుస్తకాలకి

ఇంట్లో వాడుకునే కరావోకే సెట్ ఒకటి తీసుకుని ఐదు నెలలైంది. ఒక స్పీకర్, వైర్లు లేని మైకులు రెండు, చుట్టూ తిరిగే రంగు లైట్లు, ఎకో నాబ్, శ్రుతి పెంచే తగ్గించే బటన్లు, పాటలో గొంతు తీసేస్తానని చెప్పుకునే ఇంకో బటన్. కంపెనీ పేరు రాయడం లేదు. అచ్చం ఇదే డబ్బా, ఇవే బటన్లు, పైన స్టిక్కర్ మాత్రం మార్చి రకరకాల పేర్లతో అమ్ముతున్నారు కాబట్టి పేరు తెలిసినా మీకు ఒరిగేదేం లేదు.

పెద్దవాళ్లు నలుగురు చేరి పాడుకోవడానికైతే ఇది అంతంతమాత్రం. నేను కొన్నది అందుకే, ఆ లెక్కన డబ్బులు దండగ. కానీ పిల్లలకి బొమ్మల పుస్తకం చదువుతూ దానికో పాట జోడించే పనికి మాత్రం దీన్ని మించింది మా ఇంట్లో ఏదీ లేదు, ఫోన్, టీవీ అన్నీ కలుపుకుని చెప్తున్నా. అందుకని ఈ రివ్యూ సగం మైక్ గురించి, సగం పుస్తకాల గురించి ఉంటుంది. అంత ఓపిక లేనివాళ్లు కింద ఛార్జింగ్ గురించి రాసిన చోటికి దూకేయండి.

మొదలైంది ఇలా. ఒక రాత్రి మైక్ ఆఫ్ చేయడం మర్చిపోయి మంచం మీదే వదిలేశాను. మా పాపకి నాలుగున్నరేళ్లు. ఏనుగుల పుస్తకం చదవమని తెచ్చుకుంది, నేను పేజీ తిప్పేలోపు ఆ మైక్ తీసి సరిగ్గా బొమ్మలో ఏనుగు నోటి మీద ఆనించి పెట్టి, "ఇది మాట్లాడుతుందంట, నువ్వు చెప్పమ్మా" అంది. నేను వంగి, గొంతు లావు చేసి ఏనుగు చెప్పే రెండు ముక్కలు చదివాను. గదికి ఆ చివర ఉన్న స్పీకర్లోంచి ఏనుగు గొంతు వచ్చింది. పాప ఒకసారి స్పీకర్ వైపు చూసింది, ఒకసారి బొమ్మ వైపు, ఒకసారి నా నోటి వైపు. ఆ తర్వాత పేజీ తిప్పితే ఆ ఫర్‌ర్‌మన్న చప్పుడు కూడా ఎకోతో పెద్దగా వినిపించింది. ఇంక కథ సంగతి మర్చిపోండి, అదే పేజీ పది సార్లు ముందుకీ వెనక్కీ తిప్పించింది.

మర్నాడు నాకు తెలివి ఎక్కువై ఏనుగు పుస్తకానికి ఏనుగు పాట, చందమామ పుస్తకానికి చందమామ పాట అని జతలు కట్టాను. లిస్టు రాసి ఫ్రిజ్ మీద అంటించాను కూడా. అన్నీ ఫెయిల్. పాటలో ఏనుగు ఒక రకంగా నడుస్తుంది, పుస్తకంలో ఏనుగు ఇంకో పని చేస్తుంటుంది, పిల్ల పాటకి గెంతుతుంది తప్ప పేజీ వైపు చూడదు. నేను పాట మీద అరుస్తూ చదవాలి. రెండు టీవీలు ఒకేసారి పెట్టినట్టుండేది.

వారం తిప్పలు పడ్డాక అర్థమైంది, జత కలపాల్సింది విషయాన్ని చూసి కాదు, పల్లవిని చూసి. చిన్నపిల్లల పుస్తకాల్లో చాలా వాటిలో ఒక వాక్యం మళ్లీ మళ్లీ వస్తుంది కదా, అది పల్లవి అన్నమాట. మధ్యలో జరిగే కథ చరణాలు. మా దగ్గర ఒక బాతుపిల్ల చెప్పు పోగొట్టుకుని వెతుక్కునే పుస్తకం ఉంది, ప్రతి రెండు పేజీలకీ చివర "ఇక్కడా లేదే" అని వస్తుంది. మా పాపకి బాగా ఇష్టమైన పాట ఒకటి ఉంది, దానికీ బాతుకీ చెప్పుకీ ఏ సంబంధమూ లేదు, అయితే పల్లవి చాలా చిన్నది, నాలుగు దెబ్బల్లో అయిపోతుంది. ఆ పాట ట్రాక్ సన్నగా పెట్టుకుని చరణం వచ్చినప్పుడు నేను మామూలుగా చదువుతాను, పల్లవి వచ్చేసరికి అది మైక్ లాక్కుని అదే వరసలో "ఇక్కడా లేదే, ఇక్కడా లేదే" అని పాడుతుంది. మూడో రోజుకి ఎప్పుడు తన వంతు వస్తుందో దానికి ముందే తెలిసిపోయి, నేను ఇంకా వాక్యం మధ్యలో ఉండగానే ఊపిరి పీల్చుకుని సిద్ధంగా ఉండేది.

ఇంకో లెక్క కూడా చెప్తాను, ఇది నాకు చాలా ఉపయోగపడింది. బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 32 పేజీలుంటాయి. అచ్చు వేసేటప్పుడు పెద్ద కాగితాన్ని మడిచి 8, 16 పేజీల కట్టలుగా చేస్తారు కాబట్టి ఆ అంకె. అందులో మొదటి, చివరి పేజీలు పేరుకీ వివరాలకీ పోగా కథకి ఎదురెదురు పేజీల జతలు ఓ పద్నాలుగు మిగులుతాయి. మూడున్నర నిమిషాల పాట అంటే 210 సెకన్లు, పద్నాలుగుతో భాగిస్తే జతకి 15 సెకన్లు. నిదానంగా సాగే పాటలో నాలుగు పాదాలు ఇంచుమించు అంతే పడతాయి. అందుకే నిదానం పాటలకి పుస్తకం దానంతటదే అమరిపోతుంది, హుషారు పాటకి పేజీలు తిప్పే టైమే ఉండదు, రెండు సార్లు చింపుకున్నాం కూడా. హుషారు పాట కావాలంటే పేజీకి ఒక్క మాట ఉండే అట్ట పుస్తకాలు తీసుకోండి, అవి చిరగవు.

ఇక మెషీన్ సంగతి.

శ్రుతి బటన్ లేని సెట్ కొనకండి, ఎంత తక్కువకి వచ్చినా సరే. నాలుగైదేళ్ల పిల్లలకి హాయిగా పలికేవి ఐదారు స్వరాలే, స నుంచి ప, మహా అయితే ద. మనకి నచ్చిన పాటలేమో మగ గొంతు కోసం కిందా మీదా తిరుగుతుంటాయి. మొదట్లో మా పాప పల్లవి దగ్గర గొణుగుతుంటే దానికి సిగ్గేమో అనుకున్నాను, బటన్ నాలుగు మెట్లు పైకి నొక్కాక అదే పిల్ల గది అదిరేలా పాడింది. అయితే ఆరేడు మెట్లు దాటితే వాయిద్యాలన్నీ ప్లాస్టిక్ బొమ్మల్లా మోగుతాయి, అక్కడ ఆగిపోవాలి.

గొంతు తీసేసే బటన్ మాత్రం పెద్ద మోసం అనను, చిన్న మోసం. అది చేసే పని ఇంతే: పాటలో ఎడమ వైపు శబ్దం, కుడి వైపు శబ్దం వేరువేరుగా ఉంటాయి, గాయకుడి గొంతు సాధారణంగా రెండింట్లోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి ఒకదాన్నించి ఇంకోదాన్ని తీసేస్తే గొంతు పోతుంది. దాంతోపాటు మధ్యలో ఉండే డ్రమ్ము, బేస్ కూడా పోతాయి, ఎకో మాత్రం దెయ్యంలా మిగులుతుంది. మా అత్తగారు తనకి ఇష్టమైన పాతకాలం పాట పెట్టించి ఈ బటన్ నొక్కమన్నారు. మొత్తం నిశ్శబ్దం. ఆవిడ మైక్ పట్టుకుని అలాగే నిలబడిపోయారు, నేను స్పీకర్ పాడైందనుకుని వైర్లు పీకాను. తర్వాత తెలిసింది, పాత మోనో రికార్డింగుల్లో ఎడమ, కుడి రెండూ ఒకటే, ఒకదాన్నించి ఇంకోదాన్ని తీసేస్తే మిగిలేది సున్నా. ఇప్పుడు గొంతునీ వాయిద్యాలనీ విడదీసే యాప్‌లు వచ్చాయి, అవి దీనికంటే చాలా నయం, లేదంటే వాయిద్యాలతో మాత్రమే చేసిన ట్రాకులు వెతుక్కోవడం ఇంకా నయం.

బ్లూటూత్ ఆలస్యం గురించి చాలామంది తిడుతుంటారు, నిజమే, ఫోన్ నుంచి స్పీకర్‌కి పాట చేరేసరికి సెకనులో పదో వంతు నుంచి పావు వంతు దాకా ఆలస్యమవుతుంది. దీనికి వాళ్లిచ్చిన యాప్‌లో ఆ ఆలస్యాన్ని సరిచేసే ఏర్పాటు లేదు, దాంతో ఫోన్ తెర మీద కనిపించే పాట మాటల్లో అక్షరాల మీద రంగు ముందు పోతుంది, పాట వెనక వస్తుంది. పైగా తెలుగు పాటల మాటలు చాలా వాటికి ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉన్నాయి, ళ, ణ ఏవో మనమే ఊహించుకోవాలి. కానీ పుస్తకంతో వాడేటప్పుడు ఈ గోలే లేదు. తెర అవసరమే లేదు కదా. ఫోన్‌లో ట్రాక్ పెట్టేసి దాన్ని తీసుకెళ్లి పక్క గదిలో పడేస్తాను, పిల్లల కళ్లు పుస్తకం మీదే ఉంటాయి. నాకు ఈ మెషీన్‌లో అన్నిటికంటే నచ్చింది ఇదే, దాన్ని తయారుచేసినవాళ్లు అనుకుని ఉండరు.

మా పెద్దాడికి ఏడేళ్లు, వాడికి బొమ్మలాటలు వద్దట, చదవడం కావాలి. వాడికి పాట మాటలు పెద్ద అక్షరాలతో నేనే కాగితాల మీద రాసి, ఒక్కో పేజీలో సగం ఖాళీ వదిలి బొమ్మలు వాణ్నే వేసుకోమన్నాను. పాట నడుస్తుంటే మాటల కింద నా వేలు జరుపుతూ పోతాను. ఇదేం కొత్త సంగతి కాదు, 1920లలోనే అమెరికాలో ఫ్లైషర్ సోదరులు సినిమా హాళ్లలో తెర మీద పాట చూపిస్తూ అక్షరాల మీద చిన్న బంతి ఎగిరించేవారు, హాలంతా ఆ బంతిని చూస్తూ పాడేది. మా ఇంట్లో ఆ బంతి నా వేలు. వాడు సంయుక్తాక్షరాల దగ్గర తడబడితే పాట ఆగదు కదా, వదిలేసి తర్వాతి మాట పట్టుకుంటాడు, రెండో చుట్టులో ఆ మాట వాడే సరిచేసుకుంటాడు. మామూలుగా చదివిస్తే అదే మాట దగ్గర పుస్తకం మూసేసి లేచిపోయేవాడు.

మా ఆయన సంగతి కూడా ఒక ముక్క. 1971లో జపాన్‌లో కోబె నగరంలో కరావోకే మెషీన్ చేసిన ఇనౌయె దైసుకె అనే ఆయనకి 2004లో ఇగ్ నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు, నోబెల్‌ని ఆటపట్టిస్తూ ఇచ్చే బహుమతి అది, మనుషులు ఒకరినొకరు భరించడం నేర్చుకోవడానికి కొత్త దారి చూపినందుకట. మా ఆయన ఎకో ఫుల్లుగా పెట్టి పాడిన రోజున నాకు ఆ బహుమతి ఎంత న్యాయమో తెలిసొచ్చింది.

ఛార్జింగ్: డబ్బా మీద ఎనిమిది గంటలు అని రాశారు. లైట్లు వెలుగుతూ సగం వాల్యూమ్‌లో వాడితే మూడున్నర గంటలు దాటలేదు, లైట్లు ఆపేస్తే ఐదు దాకా వచ్చింది. మైకుల్లో బ్యాటరీ అంతకంటే ముందే అయిపోతుంది, పైగా అయిపోయే ముందు ఏ గుర్తూ ఉండదు, ఏనుగు మాట మధ్యలో ఏనుగు మూగబోతుంది. రెండో మైక్ నెల తిరక్కుండానే కలవడం మానేసింది. సర్వీసుకి ఫోన్ చేస్తే "పిల్లలకి ఇచ్చారా మేడమ్?" అని అడిగారు. డబ్బా మీద ఉన్న బొమ్మే ఇద్దరు పిల్లలు పాడుతున్న బొమ్మ! అది చెప్తే ఫోటో పంపమన్నారు, పంపాను, మళ్లీ మొదటినుంచీ వేరే అబ్బాయికి కథంతా చెప్పాను, నాలుగు వారాలకి మైక్ మార్చి ఇచ్చారు. ఇచ్చారు కాబట్టి ఒక స్టార్ తక్కువ వేసి ఊరుకుంటున్నా.

కీచుమని చెవులు చిల్లులు పడే శబ్దం వస్తుందని కొందరు రాశారు. మైక్ స్పీకర్‌కి ఎదురుగా వెళ్తే దాని శబ్దం మళ్లీ మైక్‌లోకి వెళ్లి చుట్టూ తిరుగుతుంటుంది, అందుకే ఆ కీచు, మెషీన్ తప్పు కాదు. స్పీకర్‌ని పిల్లల ముందు కాకుండా గది అవతలి మూల, మైక్ వెనక వైపు ఉండేలా పెడితే సగం తగ్గిపోతుంది. పిల్లల చెవులకీ అదే మంచిది. దీని వాల్యూమ్ మన ఇళ్లకి అవసరమైనదానికంటే చాలా ఎక్కువ. చెవిలో పెట్టుకుని వినే పరికరాలకి ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల విషయంలో వారానికి 40 గంటలు, 75 డెసిబెల్స్ దాటొద్దని చెప్తుంది. స్పీకర్ వేరే అయినా నేను ఆ అంకె గుర్తుపెట్టుకుని, నా మామూలు గొంతు మైక్ లేకుండా పాపకి వినిపించేంత వరకే పెంచుతాను. నాబ్ మీద ఆ చోట గోళ్లరంగు చుక్క పెట్టేశా.

చివరిగా, మాకు బాగా కుదిరిన జత ఒకటి అనుకోకుండా దొరికింది. మాటలే లేని బొమ్మల పుస్తకాలు ఉంటాయి కదా, మొదటినుంచి చివరిదాకా బొమ్మలే. అలాంటిదొకటి పాప చదవమని తెచ్చింది, నాకు ఆ రోజు గొంతు బాగాలేదు. గొంతు లేని ట్రాక్ ఒకటి పెట్టి మైక్ దాని చేతికిచ్చేశాను. కరావోకే అన్న మాటకే ఖాళీ ఆర్కెస్ట్రా అని అర్థం, పుస్తకమూ ఖాళీ, పాటా ఖాళీ. మొదటి రోజు "లా లా" అంది. ఇప్పుడు వాన పడ్డ పేజీలో వాన పాట, పిల్లి చెట్టెక్కిన పేజీలో పిల్లి పాట, వరస అదే, మాటలు రోజుకో రకం. నిన్న పిల్లి కిందకి దిగలేక ఏడుస్తున్న పేజీ దగ్గర మాటలు దొరక్క ఆగిపోయింది. కాసేపు బొమ్మ వంక చూసి మైక్ తెచ్చి నా నోటి దగ్గర పెట్టింది. వెనక ట్రాక్ సాగుతూనే ఉంది, నాకూ ఏం మాటలు దొరకలేదు.