గిట్ పోర్సిలిన్ ఆప్షన్: ఆరేళ్లు మెచ్చుకున్నాక ఒక ముందుమాట దెబ్బ

ఫైళ్లలో మార్పులన్నీ గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్ గిట్‌లో నీకు బాగా నచ్చిన ఆప్షన్ ఏదంటే ఆరేళ్లుగా ఒకటే చెబుతున్నాను, ఏ ఫైళ్లు మారాయో చెప్పే స్టేటస్ కమాండ్ పక్కన పెట్టే పోర్సిలిన్. మామూలు స్టేటస్ వెర్షన్ మారితే మాటలు మార్చొచ్చు, రంగులు పూయొచ్చు. ఇది మాత్రం మారనని మాటిచ్చింది, నిలబెట్టుకుంది కూడా. మన రంగుల సెట్టింగ్ పట్టించుకోదు, ఏ ఫోల్డర్‌లోంచి అడిగినా ఫైలు పాత్‌ని రిపో (గిట్ చూసుకునే మొత్తం ఫోల్డర్) మొదటినుంచే చెబుతుంది.

పేరే కాస్త తిక్క. గిట్ వాళ్ల భాషలో పోర్సిలిన్ అంటే మనుషులు వాడే కమాండ్లు, ప్లంబింగ్ అంటే లోపలి పని. ఈ ఆప్షనేమో స్క్రిప్టుల కోసం. పింగాణీ అంటే ఊరగాయ జాడీ తప్ప గుర్తురాని నాకు అది ఎక్కడానికి చాలా రోజులే పట్టింది.

అసలు సంగతికొస్తే, చిక్కడపల్లిలో తెలిసినవాళ్లు పుస్తకాలు వేస్తారు. సాయంత్రం ఆరింటికి ఆ రోజు మారిన ఫైళ్లు ప్రూఫ్ చూసే మేడమ్ ఫోల్డర్‌లోకి కాపీ అయ్యి, తర్వాత కమిట్ పడేలా (అంటే ఆ మార్పులు గిట్‌లో నమోదయ్యేలా) పోర్సిలిన్‌ని నమ్ముకుని చిన్న బాష్ స్క్రిప్ట్ రాసిచ్చాను. అది ఇచ్చే ఒక్కో లైన్‌లో మొదటి మూడు అక్షరాలు (ఫైలుకి ఏమైందో చెప్పే గుర్తులు, ఒక ఖాళీ) కోసేస్తే మిగిలేది ఫైలు పేరు, అంతే. రెండేళ్లు ఏ గొడవా లేదు, ఎందుకంటే డీటీపీ చేసే అన్న పేర్లన్నీ ఇంగ్లిషులో పెట్టేవాడు. ఈసారి ఏమనిపించిందో చక్కగా తెలుగులో ‘ముందుమాట’ అని పెట్టాడు.

పది రోజులకు మేడమ్ ఫోన్. “ముందుమాట ఎప్పుడు పంపిస్తారు బాబూ?”

“పంపేశాం మేడమ్, ఒకసారి సరిగ్గా చూడండి” అన్నాను, కొంచెం గట్టిగానే. చూస్తే నిజంగానే లేదు.

చేత్తో తెలుగు పేరున్న ఇంకో ఫైలు చేసి కమాండ్ కొట్టాను. పేరు బదులు \340\260\256\340\261\201 అంటూ లైన్ నిండా అంకెలు! కోట్‌పాత్ అనే సెట్టింగ్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుందట, ఆస్కీ (ఇంగ్లిషు అక్షరాల కోడ్) కాని ప్రతి బైట్‌నీ ఆక్టల్ అంకెలు (ఎనిమిది ఆధారంగా రాసేవి) చేసి చుట్టూ కొటేషన్లు పెడుతుంది. అక్షరాల్ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగులో ఒక్కో యూనికోడ్ గుర్తుకి 3 బైట్లు, ఒక్కో బైట్‌కి స్లాష్‌తో కలిపి 4 అక్షరాలు, ‘ముందుమాట’లో గుర్తులు 8. మొత్తం 96 అక్షరాల పేరు! ఆ పేరుతో ఫైలు ఎక్కడ దొరుకుతుంది, కాపీ ఫెయిలై ఎర్రర్ ఇచ్చింది, ఆ ఎర్రర్లను ఎవరికీ కనబడకుండా డెవ్ నల్ అనే చెత్తబుట్టలోకి తోసింది నేనే. మేడమ్‌కి సారీ చెప్పాననుకోండి.

ఆ కమాండ్‌కి మైనస్ జెడ్ (-z) ఆప్షన్ కూడా పెడితే పేర్లు ఉన్నవి ఉన్నట్టే వస్తాయి, లైన్ చివర బదులు నల్ బైట్ (విలువ సున్నా ఉన్న బైట్) ఉంటుంది. హమ్మయ్య అనుకునేలోపు ఇంకోటి: పేరు మార్చిన ఫైలుకి మామూలుగా పాత పేరు ముందు, కొత్తది తర్వాత. జెడ్‌లో అది తిరగబడుతుంది. మాన్యువల్‌లో రాసే ఉంది, ఎవరు చదివారు? 2016లో గిట్ 2.11తో వచ్చిన పోర్సిలిన్ రెండో రూపం వీ2లో ఎలా అడిగినా కొత్త పేరే ముందు, కానీ కాలమ్‌లు ఎక్కువ, మూడు అక్షరాలు కోసే నా పద్ధతి అక్కడ నడవదు.

మరి ఇప్పటికీ మంచిదంటానా? అంటాను. కాకపోతే నేను ఒక్కడినే, చిన్న స్క్రిప్టులు రాసుకునేవాణ్ని. మీ దగ్గర ఫైళ్ల పేర్లన్నీ ఇంగ్లిషైతే ఇదంతా మీకు అక్కర్లేకపోవచ్చు. నేను మాత్రం పాత రూపం వీ1కే జెడ్ తగిలించి, పేరు మారిన ఫైలుకి స్క్రిప్ట్‌లో వేరే ఇఫ్ షరతు రాసుకున్నాను. వీ2కి మారాలనే ఉంది, ఆ పుస్తకం ప్రెస్‌కి వెళ్లాక చూడాలి.