కారవాన్‌ను పిడుగు నుంచి కాపాడాలంటే: ప్లగ్గు పీకడమా, సర్జ్ ప్రొటెక్టరా, ఇనుప కడ్డీనా?

కోనసీమలో కారవాన్ ఆపాలంటే అందరి కళ్లూ కొబ్బరి నీడ మీదికే పోతాయి. ఎండకు అది మంచి చోటే. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఈదురుగాలితో దిగే ఉరుముల వానకు మాత్రం అంతకన్నా చెడ్డ చోటు లేదు. చదునైన డెల్టాలో మబ్బుకు దగ్గరగా ఉండేది కొబ్బరి తలే. దాని మీద పడిన పిడుగు పక్కనున్న బండికి దూకగలదు. తోటకు దూరంగా నిలపడానికి పైసా ఖర్చు లేదు, ముందు ఆ పని చేయండి.

మనుషుల సంగతి తేలికే. ఇనుప రేకు బాడీ అయితే కరెంటు బయటి రేకు మీదుగా నేలలోకి దిగుతుంది. తలుపులు మూసి, లోహాన్ని తాకకుండా కూర్చోవాలి. టైర్ల రబ్బరు కాపాడుతుందన్నది వట్టి నమ్మకం. ఫైబర్ బాడీ అయితే పక్కా భవనంలోకి వెళ్లిపోవాలి.

అసలు చిక్కు ఏసీ, ఫ్రిజ్, ఇన్వర్టర్‌లతో. పిడుగు బండి మీదే పడనక్కర్లేదు. దూరాన కరెంటు లైను మీద పడినా, గెస్ట్‌హౌస్ నుంచి లాగిన వైరు దాన్ని లోపలికి తెస్తుంది. ఆ దారిని పూర్తిగా మూసేది ప్లగ్గు పీకడం ఒక్కటే. స్విచ్ ఆపితే చాలదా అంటే, చాలదు. మామూలు స్విచ్ ఫేజ్‌ను మాత్రమే తెంపుతుంది, న్యూట్రల్, ఎర్త్ అలాగే ఉంటాయి. కిలోమీటర్ల గాలిని చీల్చుకొచ్చినదానికి స్విచ్‌లోని కొద్ది మిల్లీమీటర్ల సందు ఒక లెక్కా?

సర్జ్ ప్రొటెక్టర్ రెండో వరస కాపలా. హద్దు దాటిన వోల్టేజిని ఎర్త్‌లోకి మళ్లించడం దాని పని, కనుక ఎర్త్ బాగుంటేనే అది పనికొస్తుంది. డెల్టా తడి నేల ఎర్తింగ్‌కు అనుకూలమే, కానీ రొయ్యల చెరువుల పక్క ఉప్పుకు ఇనుము ఆగదు. ఎర్త్ గొట్టానికి వైరు బిగించిన క్లాంపును గోటితో గీరి చూడండి. పెచ్చులు రాలితే ఆ ప్రొటెక్టర్ ఉన్నా లేనట్టే.

నిజానికి ఇక్కడ పిడుగుకన్నా ఎక్కువగా సామాను కాల్చేది తెగిన న్యూట్రల్ అని నా అభిప్రాయం. గాలివానకు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ ఊడితే 230 ఉండాల్సిన వోల్టేజి ఒక ఇంట్లో 300 దాటుతుంది, పక్కింట్లో దీపాలు మసకబారతాయి. క్షణకాలపు పోటుకోసం చేసిన సర్జ్ ప్రొటెక్టర్ దీన్ని ఆపలేదు, తానే కాలిపోవచ్చు. దీనికి వోల్టేజి ఎక్కువైనా తక్కువైనా సరఫరా తెంపే రిలే కావాలి. రెండింటిలో ఒకటే కొనగలిగితే నేను రిలేనే కొంటాను.

పిడుగును పట్టి నేలలోకి దించేందుకు బండి పక్కన ఇనుప కడ్డీ పాతడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పిడుగు రక్షణకు ఉన్న ఐఎస్/ఐఈసీ 62305 ప్రమాణం ప్రకారం పెట్టించడం శాశ్వత పార్కింగ్ ఉన్న రిసార్టుకు తగిన ఖర్చు. సొంతంగా నిలబెట్టిన గొట్టమైతే పిడుగును బండి పక్కకే పిలుస్తుంది.

ప్లగ్గుతో ఉన్న లోపమల్లా వేళకు పీకడమే. పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం రూపొందించిన దామిని యాప్ చుట్టుపక్కల పిడుగుల గురించి ముందే హెచ్చరిస్తుంది. మెరుపుకూ ఉరుముకూ నడుమ 30 సెకన్లు కూడా లేకపోతే అది 10 కిలోమీటర్ల లోపే ఉన్నట్టు, ఇక వైరు ముట్టుకోవద్దు. అంతకు ముందే అయితే స్విచ్ ఆపి, మొదట గోడ వైపు ప్లగ్గు, తర్వాత బండి వైపు కొస తీసి, వైరును చుట్టి లోపల పెట్టేయండి. రాత్రికి దీపాలకూ ఫ్యానుకూ బండి బ్యాటరీ సరిపోతుంది, ఏసీ మాత్రం ఉండదు.