డేటా నమ్మకంగా లేనప్పుడు ఏది మేలు: కాన్ఫిడెన్స్ ఇంటర్వెలా, బేసియనా?

ప్రాజెక్టులు చేసే పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "సర్వే డేటా అంత బాగాలేదు. మామూలు కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ చాలా, బేసియన్‌కి వెళ్లాలా?" కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ అంటే అసలు విలువ ఉండగల హద్దులను డేటా నుంచి లెక్కకట్టడం, బేసియన్ అంటే ముందస్తు అంచనాను డేటాతో కలిపి సవరించుకోవడం. సిద్ధాంతాల గొడవ పక్కనపెట్టి, నిజంగా జరిగిన ఒక సర్వేనే తీసుకుందాం.

2020 ఏప్రిల్ మొదట్లో కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 3,330 మందికి కోవిడ్ యాంటీబాడీ పరీక్ష చేశారు. సన్నీవేల్, క్యూపర్టినో ఉన్న కౌంటీ, మనవాళ్లకు కొత్త కాదు. 50 మందికి పాజిటివ్ వచ్చింది, అంటే 1.5 శాతం. కిట్ సంగతి చూస్తే, జబ్బు లేదని తెలిసిన 401 నమూనాల్లో 399కి సరిగ్గా నెగటివ్ చూపింది.

99.5 శాతం అంటే బాగానే అనిపిస్తుంది. కానీ 401 నమూనాలతో అంత గట్టిగా చెప్పలేం. 95 శాతం ఇంటర్వెల్ వేస్తే స్పెసిఫిసిటీ (జబ్బు లేనివాళ్లకు సరిగ్గా నెగటివ్ చూపే శాతం) 98.2 దాకా దిగుతుంది. అదే నిజమైతే, ఊళ్లో ఒక్కరికీ జబ్బు సోకకపోయినా దాదాపు 60 పాజిటివ్‌లు రావాలి. వచ్చినవే 50!

మామూలు దారిలో, కిట్ పొరపాట్లను లెక్కలోంచి తీసేసే రోగన్-గ్లాడెన్ సూత్రంతో పాజిటివ్ శాతాన్ని సరిచేస్తారు. స్పెసిఫిసిటీ 99.5 అని వేస్తే ఒక శాతం పైచిలుకు వస్తుంది, 98.2 అని వేస్తే మైనస్‌లోకి పోతుంది. మైనస్ మందికి జబ్బు ఉండదు కదా. దాన్ని సున్నా అని దిద్దుకోవచ్చు, బూట్‌స్ట్రాప్ (ఉన్న డేటాలోంచే మళ్లీ మళ్లీ నమూనాలు తీసి లెక్కించడం) కూడా చేయొచ్చు, కాకపోతే ప్రతిచోటా విడిగా అతుకు వేయాలి. సర్వే నివేదిక మొదటి ప్రతిలో, కౌంటీ జనాభాకు తగ్గట్టు సర్దుబాట్లు కూడా చేసి, జబ్బు సోకినవాళ్లు 2.5 నుంచి 4.2 శాతం అని ప్రకటించారు. కిట్ మీద ఉన్న అనుమానం ఆ అంకెల్లోకి సరిగా రాలేదన్నదే దానిపై వచ్చిన పెద్ద విమర్శ.

నా దృష్టిలో తేల్చేది ఇదే: కొలిచే సాధనం మీద అనుమానాన్ని లెక్కలో ఎక్కడ పెడతాం? బేసియన్‌లో జబ్బు శాతం, సెన్సిటివిటీ (జబ్బు సోకినవాళ్లకు సరిగ్గా పాజిటివ్ చూపే శాతం), స్పెసిఫిసిటీ మూడూ తెలియని రాశులే. మూడింటినీ ఒకే మోడల్లో కలిపి అంచనా వేస్తాం. గెల్‌మన్, కార్పెంటర్ అనే పరిశోధకులు ఇదే డేటాను ఇలా విశ్లేషిస్తే, మొదటి ప్రతిలోని అంకెలకు ఇంటర్వెల్ కింది కొస దాదాపు సున్నాను తాకింది.

తర్వాత పరిశోధకులు 13 చోట్ల చేసిన కిట్ పరీక్షలు చేర్చారు. మొత్తం 3,324లో 3,308 సరైనవి. అన్నీ ఒక్క కుప్పగా పోస్తే మళ్లీ 99.5. విడివిడిగా చూస్తే ఒకచోట 1,102కి 1,102, ఇంకోచోట 31లో 29, మరోచోట 52లో 50. ఇంత తేడా ఉన్నప్పుడు మన సర్వేలో కిట్ ఎలా పనిచేసిందో సగటు చెప్పదు. ల్యాబ్‌ల మధ్య తేడానూ మోడల్లో పెట్టాలి. బేసియన్ కాని మిక్స్‌డ్ మోడల్ (ల్యాబ్‌కో ల్యాబ్‌కో తేడాను లెక్కలో పెట్టే మోడల్) కూడా చేయగలదు, కానీ ఇన్ని అనుమానాలు కలిసినప్పుడు స్టాన్ అనే సాఫ్ట్‌వేర్‌లో బేసియన్ మోడల్ రాయడమే నాకు సులువు.

దీనికీ ఖర్చుంది, అది ప్రయర్, అంటే డేటా చూడకముందే మనం పెట్టుకునే అంచనా. సెన్సిటివిటీకి ఉన్నవి మూడే స్టడీలు. మూడు అంకెలతో ల్యాబ్‌ల తేడా ఎంతో డేటా చెప్పలేదు, ప్రయరే చెబుతుంది. దాన్ని మారిస్తే జవాబూ మారుతుందని గెల్‌మన్, కార్పెంటరే చూపించారు. అందుకే రెండు మూడు ప్రయర్లతో నడిపి, ఫలితాలన్నీ రిపోర్టులో పెట్టండి. గైడ్ అడిగేదాకా ఆగొద్దు.

సాధనం నికరంగా ఉండి, శాంపిల్ పెద్దదైతే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ చాలు, ఫలితం దాదాపు అదే వస్తుంది.

ఒకటి మాత్రం ఏ పద్ధతీ తనంతట తాను సరిచేయదు. ఈ సర్వేకి జనాన్ని ఫేస్‌బుక్ ప్రకటనలతో పిలిచారు. దగ్గు, జ్వరం వచ్చి తగ్గినవాళ్లే ఎక్కువగా వచ్చి ఉంటే, ఆ సంగతిని మోడల్లో మనమే రాయాలి. లింగం, పిన్‌కోడ్ లాంటి సర్దుబాట్లతో అది పోదు. కాబట్టి మీ ప్రాజెక్టులో ముందు ఎవరిని ఎలా పిలిచారో రాసుకోండి, ప్రయర్ ఆ తర్వాత ఎంచుకోవచ్చు.