శుభం కార్డు దాకా నడిచే మినీ ప్రొజెక్టర్ ఏది?

ఆర్‌ఆర్‌ఆర్ నిడివి 182 నిమిషాలు. యాంకర్ కంపెనీ నెబ్యులా క్యాప్సూల్ 3 ప్రొజెక్టర్ బ్యాటరీ, ఆ కంపెనీ లెక్క ప్రకారమే, 150 నిమిషాలు. తేడా 32 నిమిషాలు. అంటే క్లైమాక్స్ మొదలయ్యే వేళకి గోడ నల్లబడిపోతుంది. రెండు గంటల్లో ముగిసే హాలీవుడ్ సినిమాకి ఆ బ్యాటరీ హాయిగా సరిపోతుంది. మన సినిమాకి చాలదు. అందుకే మినీ ప్రొజెక్టర్ కొనేటప్పుడు మనవాళ్లు మొదట చూడాల్సింది వెలుతురు కొలిచే ల్యూమెన్స్ కాదు, కరెంటు దానిలోకి ఏ దారిలో వెళ్తుందన్నది.

ఆ లెక్కలో చూస్తే ఇంటికీ ప్రయాణానికీ కలిపి ఒక్కటే కొనాలనుకునేవాళ్లకి క్యాప్సూల్ 3 మంచి ఎంపిక. కూల్‌డ్రింక్ టిన్ను కంటే కాస్త పెద్ద సైజు, కిలోకి లోపు బరువు, 1080పీ బొమ్మ, 200 ఆన్సీ ల్యూమెన్స్ వెలుతురు, 8 వాట్ల స్పీకరు, లోపల 52 వాట్-అవర్ల బ్యాటరీ. వీటన్నిటికంటే ముఖ్యం, ఛార్జింగ్ యూఎస్‌బీ-సీ ద్వారా. అంటే సినిమా నడుస్తుండగానే పవర్ బ్యాంకు తగిలించుకోవచ్చు.

కానీ ఏ పవర్ బ్యాంకు పడితే అది పనిచేయదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. 52 వాట్-అవర్లు రెండున్నర గంటల్లో ఖర్చవుతున్నాయంటే యంత్రం సుమారు 21 వాట్లు తాగుతోందన్నమాట, అదీ వెలుతురు తగ్గించి నడిపినప్పుడు. మన మార్కెట్లో ఎక్కువగా దొరికే 22.5 వాట్ల పవర్ బ్యాంకు దీనికి సరిపోతుందని అనిపిస్తుంది. దాన్ని తిరగేసి వెనక సన్నటి అక్షరాలు చదవండి. అవుట్‌పుట్ అన్న చోట 5 వోల్టులకి 3 ఆంపియర్లు, 9 వోల్టులకి 2 ఆంపియర్లు, 12 వోల్టులకి 1.5 ఆంపియర్లు అని ఉంటే, యూఎస్‌బీ-సీకి ఉమ్మడి ఛార్జింగ్ పద్ధతి అయిన పవర్ డెలివరీలో అది ఇచ్చేది 18 వాట్లే. పైన రాసిన 22.5 వాట్లు కొన్ని ఫోన్ కంపెనీల సొంత ఫాస్ట్ ఛార్జింగ్‌కి మాత్రమే వర్తిస్తాయి, ప్రొజెక్టర్‌కి కాదు. అలాంటిది తగిలిస్తే ఛార్జింగ్ గుర్తు వెలుగుతూనే ఉంటుంది, బ్యాటరీ శాతం మాత్రం మెల్లగా దిగిపోతూనే ఉంటుంది. ఆ అక్షరాల్లో 20 వోల్టుల వరస కూడా ఉందేమో చూడండి. 65 వాట్లు ఇచ్చే 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు తీసుకుంటే బెంగ ఉండదు. 20,000 ఎంఏహెచ్‌ని 3.7 వోల్టులతో గుణిస్తే 74 వాట్-అవర్లు. మధ్యలో వేడి రూపంలో పోయేది తీసేస్తే 60 దాకా చేతికొస్తాయి. అంటే ఇంకో రెండున్నర గంటలు పైమాటే. మూడు గంటల సినిమా అయ్యాక పాటలు కూడా వేసుకోవచ్చు.

కేబుల్ సంగతి కూడా చూసుకోండి. మామూలు యూఎస్‌బీ-సీ కేబుల్ 3 ఆంపియర్లకి, అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్లకి పరిమితం. 65 వాట్లు కావాలంటే 5 ఆంపియర్లు అని రాసున్న కేబుల్ కావాలి. బ్యాటరీ 10 శాతానికి దిగాక కాకుండా, సినిమా మొదట్లోనో ఇంటర్వెల్‌కి ముందో తగిలించండి. ఖాళీ బ్యాటరీ నింపుతూ బొమ్మ కూడా నడపాలంటే లోపలి సర్క్యూట్ మీద భారం పడుతుంది, వేడెక్కుతుంది, ఫ్యాను మోత పెరుగుతుంది.

ఇక వెలుతురు. ఇందులో ఉన్నంత మోసం ప్రొజెక్టర్ వ్యాపారంలో మరెక్కడా లేదు. ఆన్‌లైన్లో నాలుగైదు వేలకి దొరికే పెట్టె మీద 9,000 ల్యూమెన్స్ అని ఉంటుంది. లోపలి ఎల్‌ఈడీ బల్బు దగ్గర వచ్చే వెలుతురుని, ఒక్కోసారి ఏ కొలతకీ చెందని అంకెని, అలా రాసేస్తారు. నమ్మదగ్గవి ఆన్సీ ల్యూమెన్స్, ఐఎస్ఓ ల్యూమెన్స్. ఆన్సీ పద్ధతిలో తెర మీద 9 చోట్ల కొలిచి సగటు తీస్తారు. పేరున్న కంపెనీల అంకెల్లోనూ తేడా చూడాలి. శాంసంగ్ ఫ్రీస్టైల్‌కి చెప్పే 550 ఎల్‌ఈడీ ల్యూమెన్స్, ఆన్సీలోకి మారిస్తే 230. ఆ మాట కంపెనీ స్పెసిఫికేషన్లలోనే ఉంటుంది, కాకపోతే ప్రకటనలో పెద్దక్షరాల్లో కనపడేది మొదటి అంకె.

200 ఆన్సీ ల్యూమెన్స్‌తో ఎంత బొమ్మ వేయొచ్చు? తెర ఎంత కాంతిగా కనపడుతుందో కొలిచేది నిట్స్‌లో, సినిమా హాల్లో దానికి ప్రమాణం 48 నిట్స్. తెల్లటి మ్యాట్ తెర మీద 200 ల్యూమెన్స్‌ని 70 అంగుళాలకి పరిస్తే సరిగ్గా ఆ దగ్గర్లో, 47 నిట్స్ వస్తాయి. 100 అంగుళాలకి పెంచితే 23కి పడిపోతుంది. రాత్రి సీన్లలో హీరో చొక్కా రంగు కూడా తెలియదు. పెట్టె మీద 120 అంగుళాలు అని రాసేది బొమ్మ అంత దూరం చేరుతుందని చెప్పడానికే, చూడబుద్ధేస్తుందని కాదు. బ్యాటరీ మీద వెలుతురు తగ్గించి నడిపితే 50 అంగుళాల దగ్గర ఆగడమే మంచిది. ఇదంతా లైట్లు ఆర్పిన గదిలో సంగతి. హాల్లో ట్యూబులైటు వెలుగుతుంటే ఈ తరగతి ప్రొజెక్టర్ ఏదీ పనికిరాదు. పగలు క్రికెట్ చూద్దామన్న ఆశ ఉంటే ఆ డబ్బుతో టీవీ కొనుక్కోండి.

దూరం లెక్క సులువు. క్యాప్సూల్ 3 లాంటి వాటికి బొమ్మ వెడల్పుకి 1.2 రెట్లు దూరం కావాలి. 70 అంగుళాల బొమ్మ వెడల్పు 1.55 మీటర్లు, కాబట్టి గోడకి సుమారు 1.9 మీటర్లు, అంటే ఆరడుగుల చిల్లర. మంచం కాళ్లవైపు స్టూలు వేసి పెడితే అపార్ట్‌మెంటు బెడ్‌రూమ్‌లో సరిపోతుంది. పక్కనుంచో కిందనుంచో వేసి కీస్టోన్‌తో సరిచేసుకోవచ్చని కంపెనీలు ఊరిస్తాయి. వంకర సరిచేయడమంటే బొమ్మని లోపల కుదించి పంపడమే. పిక్సెళ్లూ పోతాయి, వెలుతురూ పోతుంది, సబ్‌టైటిల్స్ అంచులు మసకబారతాయి. అడుగున పావు అంగుళం స్క్రూ రంధ్రం ఉంటుంది, కెమెరా ట్రైపాడ్ దానికి సరిగ్గా పడుతుంది. ట్రైపాడ్ మీద పెట్టి గోడకి తిన్నగా నిలబెడితే కీస్టోన్ అవసరమే పెద్దగా రాదు.

తెర కొనక్కర్లేదు. సున్నం గోడ చాలా మంచి తెర. మెరిసే పెయింటు గోడ మీద మాత్రం మధ్యలో వెలుతురు మచ్చ పడుతుంది. దుప్పటి కడితే సగం వెలుతురు దాని వెనక్కి వెళ్లిపోతుంది, రెండు మడతలు వేసి అడుగున బరువు కట్టి లాగాలి.

డాబా మీద చూసేవాళ్లకి ఇంకో రెండు విషయాలు. మొదటిది వేడి. చాలా మోడళ్లు పనిచేసే వాతావరణం 35 లేదా 40 డిగ్రీల వరకే అని మాన్యువల్లో ఉంటుంది. మే నెలలో చీకటిపడ్డాక కూడా డాబా గచ్చు పొగలు కక్కుతూ ఉంటుంది. ప్రొజెక్టర్‌ని ఆ గచ్చు మీదో పిట్టగోడ మీదో పెడితే కింది నుంచి వేడి ఎక్కి, అరగంటలో వెలుతురు దానంతటదే తగ్గుతుంది, లేదంటే ఆగిపోతుంది. చెడిపోయిందని కంగారుపడొద్దు, అది తనని తాను కాపాడుకోవడం. స్టూలు మీద, నాలుగు వైపులా గాలి ఆడేలా పెట్టండి. రెండోది పురుగులు. తొలకరి పడ్డాక చీకట్లో వెలిగే ఒకే ఒక దీపం ఆ లెన్సు. ఉసుళ్లు ముందు కాంతి దారిలో ఎగురుతూ గోడ మీద అరచేతులంత నీడలు వేస్తాయి, తర్వాత లెన్సు మీదే వాలతాయి, రెక్కలు రాల్చి గాలి రంధ్రాల్లోకి దూరతాయి. లోపలి ఫ్యానులో రెక్కలు ఇరుక్కుంటే మోత మారుతుంది, వేడి పెరుగుతుంది. ప్రొజెక్టర్‌కి దూరంగా, ప్రేక్షకుల వెనక ఇంకో లైటు వెలిగిస్తే సగం పురుగులు అటు పోతాయి. గాలి రంధ్రాలకి గుడ్డ మాత్రం చుట్టకండి.

శబ్దం గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. సీలింగ్ ఫ్యాను అయిదులో తిరుగుతుంటే 8 వాట్ల స్పీకరులో మాటలు వినపడతాయి, నేపథ్య సంగీతం వినపడదు. బ్లూటూత్ స్పీకరు కలిపితే పెదాలకీ మాటకీ మధ్య తేడా రావచ్చు. 3.5 మిల్లీమీటర్ల వైరు అయితే ఆ బాధ ఉండదు.

యాప్‌ల విషయంలో కొనేముందే ఖాయం చేసుకోవాల్సింది ఒకటుంది. ఆండ్రాయిడ్ అని రాసినంత మాత్రాన అది టీవీల కోసం గూగుల్ ఆమోదించిన ఆండ్రాయిడ్ కాకపోవచ్చు. ఆమోదం లేని వాటిలో నెట్‌ఫ్లిక్స్ రాదు, వచ్చినా బొమ్మ నాణ్యత బాగా తక్కువ. ఫోన్ స్క్రీన్ మిర్రర్ చేస్తే మాటలు వినిపించి బొమ్మ నల్లగా ఉండేది కాపీరైటు రక్షణ వల్లే, అది ప్రొజెక్టర్ లోపం కాదు. హెచ్‌డీఎంఐలో ఫైర్ టీవీ స్టిక్ పెట్టుకుంటే నెట్‌ఫ్లిక్స్, ఆహా అన్నీ ఒక్కచోట దొరుకుతాయి. అయితే ఆ స్టిక్‌కి కరెంటు ప్రొజెక్టర్ యూఎస్‌బీ నుంచి ఇస్తే కొన్నిసార్లు చాలదు, మధ్యలో రీస్టార్ట్ అవుతూ ఉంటుంది. దాన్ని పవర్ బ్యాంకు రెండో పోర్టుకి తగిలించండి. ఫ్రీస్టైల్‌కి మైక్రో హెచ్‌డీఎంఐ ఉంటుంది కాబట్టి అడాప్టరు వేరే కావాలి. హోటళ్లలో వైఫైకి బ్రౌజరులో రూమ్ నంబరు అడిగే పేజీ వస్తుంది, ప్రొజెక్టర్ చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. ఫోన్ హాట్‌స్పాట్‌తో నడపడమే తేలిక.

మిగతా పేర్ల మీద మా అభిప్రాయం. శాంసంగ్ ఫ్రీస్టైల్ 830 గ్రాములు, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, పైకప్పు మీద వేసుకుని పడుకుని చూసేవాళ్లకి ముచ్చటైన వస్తువు. కానీ లోపల బ్యాటరీ లేదు, 50 వాట్లు, 20 వోల్టులు ఇచ్చే పవర్ బ్యాంకు లేనిదే బయట పనిచేయదు. ఎక్స్‌జిమీ హేలో ప్లస్ ఇంట్లో ప్లగ్గు మీద చాలా కాంతివంతం, బొమ్మ క్యాప్సూల్ కంటే ఎంతో మెరుగు. బ్యాటరీ మీదకి రాగానే వెలుతురు తగ్గిస్తుంది, పైగా దాని ఛార్జరు గుండ్రటి పిన్ను. యూఎస్‌బీ-సీ పవర్ బ్యాంకుతో పొడిగించే దారి లేదు. ఎక్కువ ఇంట్లోనే చూసేవాళ్లు దాన్నే తీసుకోవాలి, ప్రయాణాలు ఎక్కువైతే వద్దు. బెన్‌క్యూ జీవీ31 300 ల్యూమెన్స్, కంపెనీ లెక్కలో 3 గంటలు. ఈ అంకె మాత్రం మన సినిమాకి దగ్గర. బరువు క్యాప్సూల్‌కి దాదాపు రెట్టింపు. నెబ్యులా మార్స్ 3 వెయ్యి ఆన్సీ ల్యూమెన్స్. వినాయక చవితి పందిరి దగ్గర పదిమందికి వేయడానికి అంతకంటే మంచిది ఈ జాబితాలో లేదు. 4.5 కిలోలు, కారు డిక్కీలో వెళ్లాల్సిన సరుకు.

మార్స్ 3ని విమానం ఎక్కించాలనుకుంటే ఆగండి. దాని బ్యాటరీ 185 వాట్-అవర్లు. ప్రయాణికుల సామానులో 100 వాట్-అవర్ల వరకు మామూలుగా అనుమతి, 100 నుంచి 160 మధ్య విమానయాన సంస్థ ఒప్పుకోవాలి, 160 దాటితే కుదరదు. క్యాప్సూల్ 3 కీ 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకుకీ ఇబ్బంది లేదు, కానీ పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, చెకిన్ సూట్‌కేసులో పెట్టకూడదు. అమెరికా నుంచి బంధువుల చేత తెప్పించుకునేవాళ్లు ఛార్జరు మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉందో లేదో చూసుకోండి, అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో అమ్మినవాళ్ల దగ్గర ముందే రాతపూర్వకంగా తీసుకోండి. ఇక్కడే ఆన్‌లైన్లో కొన్నా, అమ్మేవాడు సొంతంగా దిగుమతి చేసుకున్న సరుకైతే సర్వీస్ సెంటర్‌లో తీసుకోకపోవచ్చు.

పెట్టె తెరిచిన రోజే, రిటర్న్ గడువు ఉండగానే, మూడు పరీక్షలు చేయండి. చీకటి గదిలో పూర్తి తెల్లటి బొమ్మ వేసి చూడండి, ఒక మూల పసుపుగానో నీలంగానో ఉంటే మార్పించండి. తర్వాత చిన్న అక్షరాలున్న పేజీ వేసి, మధ్యలో ఫోకస్ చేసి నాలుగు మూలలూ చదవండి. నాలుగు మూలలూ ఒకేలా కాస్త మెత్తబడితే ఆ ధరకి మామూలే, ఒక్క మూలే మసకైతే లెన్సు వంకర. ఆఖరికి నిండా ఛార్జి చేసి, ప్లగ్గు పీకి, సినిమా ఒకటి పెట్టి, ఎన్ని నిమిషాలకి ఆగిందో గడియారంలో చూసి రాసుకోండి. ఏడాది తర్వాత బ్యాటరీ ఎంత అరిగిందో తెలిసేది ఆ అంకెతోనే. నెలల తరబడి వాడనప్పుడు బ్యాటరీని సగం ఛార్జి మీద, బీరువాలో చల్లగా ఉంచండి. నిండా నింపి కారు డ్యాష్‌బోర్డు మీద ఎండలో వదిలేస్తే లిథియం సెల్ ఉబ్బిపోతుంది, ఉబ్బినదాన్ని మళ్లీ ఛార్జి పెట్టకండి.