ఫ్రిజ్‌లో పెట్టని బీరు కోసం తొమ్మిది రోజులు

మేము నలుగురం. ఇంగ్లండ్‌లో రీడింగ్ అనే ఊళ్లో పదేళ్ల నుంచి ఉంటున్నోడు ఒకడు, బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం చేసేవాడు ఒకడు, హైదరాబాద్ నుంచి నేను, నాతో పాటు మా శాకాహారి. వీడు గుడ్డు కూడా ముట్టడు కానీ బీరు దగ్గర మాత్రం ఏ నియమాలూ లేవు, ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితోనే పెద్ద గొడవైంది. కాలేజ్ అయ్యాక నలుగురం ఇన్ని రోజులు ఒక్కచోట ఉండటం ఇదే మొదటిసారి. లండన్ ఐ, బిగ్ బెన్ అందరూ రాశారు కాబట్టి వాటి జోలికి పోను. ఇది మొత్తం పబ్బుల ట్రిప్పు.

మొదటి రోజు సాయంత్రం రీడింగ్ వాడు బార్ దగ్గరికి పోయి నాలుగు పైంట్లు పట్టుకొచ్చాడు. గోధుమరంగు, పైన నురగ అంతంత మాత్రం. ఒక గుక్క తాగి మా శాకాహారి అడిగిన మాట, "అరేయ్, కరెంట్ పోయిందా వీళ్లకి?" ఎందుకంటే అది చల్లగా లేదు. మనకి బీరు అంటే ఫ్రిజ్‌లోంచి తీయగానే చెమటలు కక్కే 650 ఎం.ఎల్. సీసా కదా. ఇక్కడి కాస్క్ ఏల్‌ని, అంటే పీపాలోనే పులిసే బీరుని, 11 నుంచి 13 డిగ్రీల దగ్గర ఇస్తారు, అంటే ఫ్రిజ్ నీళ్లు కాదు, కుండ నీళ్ల చల్లదనం అన్నమాట. గ్యాస్ కూడా బయటి నుంచి కొట్టరు, దానంతట అదే పులిసి పుట్టిన కొద్దిపాటి గ్యాసే. నాకు మొదటి గ్లాసు సగం వరకు ఏమీ అర్థం కాలేదు, సగం దాటాక మాత్రం ఎక్కడో తెలిసిన రుచిలా అనిపించింది, బిస్కెట్ వాసన, చివర్లో కాకరకాయ చేదు లాంటిది.

అప్పుడు బర్మింగ్‌హామ్ వాడు ఒక మాట అన్నాడు, ట్రిప్ మొత్తం అదే పనికొచ్చింది. "మామా, దీన్ని బీరు అనుకోకు, కల్లు అనుకో." నిజంగానే అంతే. పీపాలో బీరును పులియబెట్టే ఈస్ట్ ఇంకా బతికే ఉండగా పబ్బుకి పంపిస్తారు, మిగతా పులియడం పబ్బు కింద సెల్లార్‌లో జరుగుతుంది. దాన్ని కదలకుండా పడుకోబెట్టి, గాలి ఎప్పుడు వదలాలో చూసి, తేటపడ్డాక పైన హ్యాండ్ పంప్‌తో లాగి పోస్తారు. ఒకసారి తెరిస్తే లోపలికి గాలి పోతుంది, ఇక మూడు రోజుల్లో అమ్ముకోవాలి. పొద్దున దింపిన కల్లు వేరు, సాయంత్రం కల్లు వేరు అని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా. అందుకే ఇక్కడ ఏ బీరు మంచిది అని అడగడం దండగ, ఏ పబ్బులో సెల్లార్ చూసుకునే మనిషి మంచోడు అని అడగాలి. లండన్ నడిబొడ్డున ఒక పబ్బులో (పేరు వద్దులెండి) సోమవారం మధ్యాహ్నం వెళ్తే పది హ్యాండ్ పంపులు, లోపల మనుషులు ఆరుగురు. అక్కడ తాగిన పైంట్ అచ్చం వెనిగర్. అదే బీరు రెండు రోజుల తర్వాత వేరే చోట కిక్కిరిసిన చిన్న పబ్బులో అమృతం. పంపులు ఎక్కువ, జనం తక్కువ ఉంటే బయటికి వచ్చేయండి. ఇంకో విషయం, పులిసిపోయింది అని మర్యాదగా గ్లాసు వెనక్కిస్తే మాట్లాడకుండా మార్చి ఇచ్చారు, వాదన లేదు, మేనేజర్‌ని పిలవడం లేదు.

ఈ కాస్క్ పద్ధతి 1970ల్లో పోయేట్టే ఉండేదట, పెద్ద కంపెనీలన్నీ గ్యాస్ కొట్టిన కెగ్ బీరు వైపు వెళ్లిపోతుంటే 1971లో నలుగురు కుర్రాళ్లు మొదలుపెట్టిన కామ్రా అనే సంఘం దీన్ని నిలబెట్టింది. రియల్ ఏల్ అనే మాట వాళ్లదే. మేమూ నలుగురమే కదా, మాకు మాత్రం బిల్లు ఎవరు కట్టాలన్న దాని మీదే పోరాటం.

లండన్‌లో చూసినవాటిలో సదర్క్‌లోని జార్జ్ ఇన్ చూడ్డానికి బాగుంది, 1676 అగ్నిప్రమాదం తర్వాత మళ్లీ కట్టిన సత్రం, బయట చెక్క వరండాలు అంతస్తులుగా ఉంటాయి, లండన్‌లో అలాంటిది ఇదొక్కటే మిగిలింది, ఇప్పుడు పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ ఆస్తి. ఎండగా ఉంటే ఆవరణలో కూర్చోడానికి చోటు దొరకదు. ఫ్లీట్ స్ట్రీట్‌లో యే ఓల్డ్ చెషైర్ చీజ్ 1667లో తిరిగి కట్టింది, లోపల మెట్లు దిగేకొద్దీ గుహలోకి పోతున్నట్టు ఉంటుంది. అది శామ్యూల్ స్మిత్ వాళ్లది, యార్క్‌షైర్ టాడ్‌కాస్టర్‌లో 1758 నుంచి ఉన్న బ్రూవరీ, వాళ్ల పబ్బుల్లో వాళ్ల సరుకు తప్ప ఇంకోటి దొరకదు, మ్యూజిక్ ఉండదు, ఫోన్లు కూడా వాడొద్దంటారు. మా వాళ్లకి అది శిక్షలా అనిపించింది, నాకైతే చాలా రోజుల తర్వాత నలుగురం మొహాలు చూసుకుని మాట్లాడుకున్నాం.

శనివారం బెర్మాండ్సీ బీర్ మైల్. రైల్వే బ్రిడ్జి ఆర్చిల కింద వరసగా చిన్న చిన్న బ్రూవరీలు, 2009లో మొదలైన ద కెర్నల్ వాళ్లు అటు వచ్చాక మిగతావాళ్లు ఒక్కొక్కరే చేరారు. ఇది పబ్ కాదు, గోదాములో బెంచీలేసి కూర్చోబెట్టినట్టు ఉంటుంది, పైన రైలు పోతుంటే గ్లాసులు కదులుతాయి. పోర్టర్ అనే నల్ల బీరు బ్రహ్మాండం, మాడిన కాఫీ గింజల రుచి. కానీ మధ్యాహ్నం రెండు దాటితే పెళ్లికి ముందు పార్టీ గుంపులు దిగుతాయి, టాయిలెట్ క్యూ మన తిరుపతి క్యూ అవుతుంది. పన్నెండుకల్లా వెళ్లి మూడింటికి బయటపడితే మంచిది. ధర కూడా పెద్దదే, లండన్‌లో మేము పైంట్‌కి ఆరు ఏడు పౌండ్లు ఇచ్చుకున్నాం, రూపాయల్లోకి మార్చడం మొదటి రోజే మానేశాం, మానకపోతే తాగలేం.

ఇక్కడే శాకాహారి గొడవ. ఒక బీరు మసకగా ఉందేంటి అని అడిగితే బార్‌లో అమ్మాయి చాలా మామూలుగా చెప్పింది, మేము ఐసింగ్లాస్ వెయ్యం కాబట్టి అని. అదేంటి అని అడక్కుండా ఉంటే పోయేది. అది చేప కడుపులో ఉండే గాలితిత్తి నుంచి తీసే పదార్థమట, పీపాలో వేస్తే ఈస్ట్ అంతా అడుక్కి పోయి బీరు తేటపడుతుంది, కాస్క్ ఏల్స్‌లో చాలావాటికి ఇదే పద్ధతి. మావాడు గ్లాసు కింద పెట్టి ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. మూడు రోజుల్లో ఎన్ని తాగాడో లెక్కేస్తున్నట్టున్నాడు. "చేప అడుక్కే పోతుంది కదరా, నీ గ్లాసులోకి రాదు" అని రీడింగ్ వాడు సర్దిచెప్పబోతే, "మీ ఇంట్లో చారులో చేప ముంచి తీసి నాకు పోస్తావా?" అన్నాడు. దీనికి మా దగ్గర సమాధానం లేదు. ఆ తర్వాత ప్రతి పబ్బులో ముందు వాడి ప్రశ్న "అన్‌ఫైన్డ్ ఏముంది?" అనే, అంటే ఐసింగ్లాస్ లాంటివి వెయ్యనిది. మంచి విషయం ఏంటంటే ఎవరూ విసుక్కోలేదు, చాలా చోట్ల పంప్ మీదే వీగన్ అని రాసి ఉంది, కొన్నిచోట్ల లోపలికెళ్లి కనుక్కుని వచ్చి చెప్పారు.

లండన్ నుంచి షెఫీల్డ్ రైల్లో రెండు గంటల పైచిలుకు. కనీసం ముగ్గురు ఉంటే గ్రూప్‌సేవ్ అని రద్దీ లేని వేళల్లో మూడో వంతు తగ్గిస్తారు, అడగకపోతే ఎవరూ చెప్పరు. రీడింగ్ వాడు కారు తీద్దాం అన్నాడు కానీ ఒప్పుకోలేదు. తాగి బండి నడిపేవాళ్లకి ఇంగ్లండ్‌లో లిమిట్ 100 ఎం.ఎల్. రక్తంలో 80 మిల్లీగ్రాముల ఆల్కహాల్, స్కాట్లాండ్‌లో 50, ఇవన్నీ లెక్కలు వేసుకుంటూ తాగే ట్రిప్పు ఎందుకు?

షెఫీల్డ్ ఈ ట్రిప్‌లో నంబర్ వన్, నా ఓటు కళ్లు మూసుకుని దానికే. రైలు దిగగానే ప్లాట్‌ఫారం మీదే షెఫీల్డ్ ట్యాప్, ఒకప్పటి ఫస్ట్ క్లాస్ వాళ్ల ఫలహారశాల పాడుబడి ఉంటే బాగుచేసి 2009లో తెరిచారు, గోడల టైల్స్ చూస్తూ కూర్చోవచ్చు. కాజీపేట స్టేషన్‌లో ఇలాంటిది ఒకటి ఊహించుకుని నవ్వుకున్నాం. కెల్హామ్ ఐలండ్ అని పాత ఫ్యాక్టరీల పేట ఒకటి ఉంది, అక్కడ కెల్హామ్ ఐలండ్ టావెర్న్ (2008, 2009 రెండేళ్లూ వరసగా కామ్రా దేశం మొత్తం మీద బెస్ట్ పబ్ అన్నది), నాలుగడుగులేస్తే ఫ్యాట్ క్యాట్. ఫ్యాట్ క్యాట్ పక్కనే 1990లో పెట్టిన బ్రూవరీలో పుట్టిన పేల్ రైడర్ 2004లో బ్రిటన్ చాంపియన్ బీరు. ఆ బ్రూవరీ 2022లో మూతపడితే థార్న్‌బ్రిడ్జ్ అనే ఇంకో బ్రూవరీ వాళ్లు ఆ బీరును తీసుకుని కాస్తున్నారు. 5.2 శాతం, లేత పసుపు, తాగుతుంటే తేలిగ్గానే ఉంటుంది, లేచినప్పుడు తెలుస్తుంది. మావాడికి వెజ్ తిండి కడుపునిండా దొరికింది కూడా ఇక్కడే. పైంట్ నాలుగు పౌండ్ల చిల్లర. బార్‌లో పెద్దాయన ఒకాయన మా యాస విని ఎక్కడివాళ్లు అని అడిగి, హైదరాబాద్ అంటే క్రికెట్ మొదలుపెట్టి అరగంట వదల్లేదు, ఆ అరగంటలో మా హాఫ్‌లు (అర పైంట్లు) రెండు రౌండ్లు తిరిగాయి.

హాఫ్ అంటే గుర్తొచ్చింది. రౌండ్ల పద్ధతిలో నలుగురుంటే ఒక్కొక్కరు ఒకసారి కొనాలి, అంటే కనీసం నాలుగు పైంట్లు, పైంట్ 568 ఎం.ఎల్., లెక్క మీరే చూసుకోండి. మేము హాఫ్‌లకి దిగాం. ఎవరూ చిన్నచూపు చూడలేదు. పైంట్‌లో మూడో వంతు గ్లాసులు కూడా ఇస్తారు, మూడు రకాలు పక్కపక్కన పెట్టుకుంటే తేడా బాగా తెలుస్తుంది. టేబుల్ దగ్గర కూర్చుని వెయిటర్ కోసం చూడొద్దు, ఎవరూ రారు, మేము మొదటి రోజు ఇరవై నిమిషాలు చూశాం. టిప్ కూడా అక్కర్లేదు.

షెఫీల్డ్‌లో ఇంకో యుద్ధం నురగ మీద. ఇంగ్లండ్ ఉత్తరాదిలో పంప్ మూతికి స్పార్క్లర్ అని చిన్న చిల్లుల బిళ్ల పెట్టి పోస్తారు, గ్లాసు మీద మీగడలా నురగ కడుతుంది. దక్షిణాదిలో అది లేకుండా పోస్తారు. కీత్లీలో టిమతీ టేలర్ వాళ్లు కాసే ల్యాండ్‌లార్డ్ అనే బీరు లండన్‌లోనూ తాగాం, ఇక్కడా తాగాం. రీడింగ్ వాడు నురగలో చేదంతా పోతుంది అంటాడు, నాకు మాత్రం ఈ మీగడే నచ్చింది. పప్పులో నెయ్యి ముందా తర్వాతా అన్నట్టు ఇది ఇప్పటికీ తేలలేదు.

తర్వాత డెర్బీ మీదుగా బర్టన్ అపాన్ ట్రెంట్. నిజం చెప్పాలంటే ఊరు చూడ్డానికి ఏమీ లేదు, నేషనల్ బ్రూవరీ సెంటర్ అనే మ్యూజియం కూడా 2022లో మూసేశారు. కానీ ఇండియా పేల్ ఏల్ కథ తెలిసినవాడు ఇక్కడికి రాకుండా ఉండలేడు. మొదట లండన్‌లో బో దగ్గర హాడ్జ్‌సన్ అనే ఆయన ఈస్ట్ ఇండియా కంపెనీ ఓడలకి బీరు అమ్మేవాడు, 1820ల్లో బర్టన్‌వాళ్లు ఆల్సాప్, బాస్ ఆ వ్యాపారంలోకి దిగారు. ఇక్కడి నేలలో జిప్సం, ఆ నీళ్లతో కాస్తే హాప్స్ (బీరుకి చేదునిచ్చే పూలు) చేదు పదునుగా తేలుతుంది, హాప్స్ ఎక్కువ వేస్తే నెలల తరబడి ఓడలో కూడా చెడదు. కలకత్తా, మద్రాసుల్లో దొరలు తాగిన బీరు ఇది. మన పేరు పెట్టుకున్నారు, మన తాతలకి ఒక చుక్క పోసింది లేదు.

కూపర్స్ టావెర్న్‌లో వెనక గదిలో పీపాల పక్కనే కూర్చోబెడతారు, బాస్ బీరుని పంప్ లేకుండా నేరుగా పీపాలోంచి పట్టి ఇస్తారు. ముక్కు దగ్గర పెట్టుకుంటే అప్పుడే అగ్గిపుల్ల గీసిన వాసన, ఆ జిప్సం నీళ్ల గుణం అదే, వాళ్లు ముద్దుగా బర్టన్ స్నాచ్ అంటారు. రెండో గుక్కకి పోతుంది. బాస్ సీసా మీది ఎర్ర త్రికోణం 1876లో బ్రిటన్‌లో రిజిస్టర్ అయిన మొట్టమొదటి ట్రేడ్‌మార్క్, 1882లో ఫ్రెంచ్ చిత్రకారుడు మానే వేసిన బార్ బొమ్మలో కూడా ఆ సీసాలు కనపడతాయి. లండన్‌లో కోర్టాల్డ్ గ్యాలరీలో ఆ బొమ్మ ముందు బర్మింగ్‌హామ్ వాడు మమ్మల్ని బలవంతంగా నిలబెట్టినప్పుడు విసుక్కున్నాం, ఇక్కడ పీపాల మధ్య కూర్చున్నాక వాడికి సారీ చెప్పాం. మార్మైట్ కూడా ఈ ఊరిదే, బ్రూవరీల్లో మిగిలిన ఈస్ట్‌తో 1902 నుంచి చేస్తున్నారు. టోస్ట్ మీద రాసి ఇస్తే నాకు ముక్క మింగడానికి నీళ్లు కావాల్సి వచ్చింది. శాకాహారికి మాత్రం భలే నచ్చింది, ఒక సీసా కొన్నాడు.

ఆ రాత్రి ఒక పబ్ మీది గదుల్లో దిగాం, పేరు అనవసరం. పబ్ పైనే పడక అంటే ఎంత బాగుంటుంది అనుకున్నాం. కింద కరావోకే పదకొండున్నర దాకా, గది నేల ఒకవైపుకి వాలి ఉంది, బాటిల్ పెడితే దొర్లిపోతోంది. పొద్దున టిఫిన్ మాత్రం పుట్టగొడుగులు, బీన్స్, టోస్ట్ కడుపునిండా పెట్టారు. పబ్ పైన గది తీసుకునేముందు ఆ రోజు కింద ఏం ప్రోగ్రాం ఉందో ఫోన్ చేసి అడగండి. మిగతా అన్నిచోట్లా ప్రీమియర్ ఇన్ అనే చైన్ హోటల్లో ఉన్నాం, ముందే బుక్ చేస్తే చవక, చెప్పుకోడానికి కథలేమీ లేవు, నిద్ర మాత్రం పట్టింది.

చివరి రోజు బర్మింగ్‌హామ్ వాడి వంతు. వెస్ట్ బ్రామిచ్‌లో ద వైన్ అనే దేశీ పబ్. ముందు నుంచి చూస్తే మామూలు ఇంగ్లిష్ పబ్బే, వెనక్కి వెళ్తే అద్దాల కప్పు కింద బొగ్గుల మీద టిక్కాలు, కబాబులు, మిక్స్‌డ్ గ్రిల్ పొగలు. ఏల్ వెతకలేదు, మన సీసా బీరు రకం చల్లటి లాగర్ తీసుకున్నాం, ఎనిమిది రోజుల తర్వాత చల్లటి గ్లాసు చేతికి తగిలితే హాయిగా అనిపించింది, దాచుకోవడం ఎందుకు. ఈ చుట్టుపక్కల పబ్బుల్లో ఒకప్పుడు మనవాళ్లని కొన్ని గదుల్లోకి రానిచ్చేవాళ్లు కాదు. పక్కనే స్మెథిక్‌లో ఆ వివక్ష చూడ్డానికి 1965 ఫిబ్రవరిలో అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కమ్ ఎక్స్ స్వయంగా వచ్చాడు, పబ్బుల్లో అలా ఆపడాన్ని ఆ ఏడాదే చట్టం నిషేధించింది. తర్వాత ఎక్కువగా పంజాబీలు అవే పబ్బుల్ని కొన్నారు. మా పక్క టేబుల్ మీద తెల్ల ముసలాయన ఒకాయన ఫిష్ పకోడా ఆర్డర్ చేస్తూ కారం ఎక్కువ వెయ్యమన్నాడు.

మన దగ్గరికి మనిషికి రెండు లీటర్ల దాకా తెచ్చుకోవచ్చు కాబట్టి నేను నాలుగు సీసాలు సర్దాను, సీసా అడుగున ఈస్ట్ ఉండే రకం. కదపకుండా నిలబెట్టి, చివరి అంగుళం వదిలేసి పోసుకోవాలి అని రీడింగ్ వాడు ఎయిర్‌పోర్ట్‌లో కూడా చెప్పాడు. ఇంటికొచ్చి బీరువా పైన నిలబెట్టి పడుకున్నా. పొద్దున లేచి చూస్తే నాలుగూ ఫ్రిజ్‌లో, అడ్డంగా, పెరుగు గిన్నె వెనకాల. "బయటుంటే పాడైపోతాయి కదా" అన్నది మా ఆవిడ.