సైకిల్ వెనక కూర్చుని దెబ్బ తిన్నారా? తర్వాత చూపించుకోవడం ఎక్కడ మేలు

"కట్టు వేసి పంపేశారు. మళ్లీ అంత దూరం ఆ ఆస్పత్రికే వెళ్లాలా? ఇంటి దగ్గర డాక్టర్‌కి చూపిస్తే సరిపోదా?" నేను ఫిజియోథెరపిస్టుని. కారో బైకో గుద్దితే సైకిల్ మీంచి పడ్డవాళ్ల ఇంట్లోవాళ్లు నన్ను అడిగే మొదటి మాట ఇదే.

జవాబు చెప్పే ముందు నేను ఒకటి అడుగుతాను: తొక్కుతున్నది మీరా, వెనక కూర్చున్నారా? జబ్బులకూ గాయాలకూ కోడ్లిచ్చే ఐసీడీ-10లో కూడా ఈ ఇద్దరికీ వేర్వేరు అంకెలు ఉన్నాయి. తొక్కేవాడికి బండి మీదికి రావడం కాస్త ముందు కనిపిస్తుంది. వెనకున్నవాడికి కనిపించేది ముందువాడి వీపే. ఎటు పడుతున్నాడో తెలిసేలోగా అరచెయ్యి నేలకు ఆనించి పడతాడు, లేదా పాదం చక్రం ఊచల్లో ఇరుక్కుంటుంది. ఈ రెండు దెబ్బలూ మొదటి రోజు పూర్తిగా బయటపడవు.

పాదం సంగతి తేలిక. మొదటి రోజు మడమ దగ్గర చర్మం కమిలినట్టు మాత్రమే ఉంటుంది. లోపల నలిగిన భాగం రెండు మూడు రోజులకు నల్లబడుతుంది. అందుకే 48 గంటలకు కట్టు విప్పి చూడాలి, తర్వాత డ్రెస్సింగులు తప్పవు. కుంటుకుంటూ దూరం పోయేకంటే దగ్గర్లోని డాక్టరే నయం.

చెయ్యి విరిగితే మాత్రం నా ఓటు మొదట కట్టు వేసిన ఆస్పత్రికే. కట్టు వేసేటప్పుడు చెయ్యి వాచి ఉంటుంది. వారానికి వాపు తీస్తుంది, కట్టు వదులవుతుంది, సరిచేసి పెట్టిన ఎముక లోపల జరగొచ్చు. బయటికి ఏమీ తెలియదు, ఒక్కోసారి నొప్పి కూడా పెరగదు. మొదటి రెండు మూడు వారాల్లో తీసిన కొత్త ఎక్స్-రేని కట్టు వేసిన రోజు ఎక్స్-రే పక్కన పెట్టి చూస్తేనే జరిగిందో లేదో తేలుతుంది. రెండో వారంలో పట్టుకుంటే సరిచేయడం సులువు. వంకరగానే అతుక్కున్నాక తెలిస్తే ఆపరేషన్ దాకా పోవచ్చు.

"అక్కడికి వెళ్తే ప్రతిసారీ కొత్త జూనియర్ డాక్టరే చూస్తున్నాడు కదా?" అంటారు. నిజమే. కానీ నేను డాక్టర్ ముఖం కోసం పొమ్మనడం లేదు, పాత ఫిల్మ్ కోసం పొమ్మంటున్నాను. ఆ ఫిల్ములు లేదా సీడీ డిశ్చార్జ్ రోజే అడిగి తెచ్చుకుంటే దగ్గర్లోని ఎముకల డాక్టర్ కూడా అదే పని చేయగలడు. ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకుని ఫోన్‌లో తీసిన ఫొటో మాత్రం లెక్కలోకి రాదు.

"ఎక్స్-రేలో ఏమీ లేదన్నారు" అని నిశ్చింతగా ఉండేవాళ్లకూ ఒక మాట. బొటనవేలు మొదట్లో, మణికట్టు పక్కనుండే గుంటలో నొక్కితే నొప్పి పుడుతోందా? అక్కడుండే స్కఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగినా మొదటి ఎక్స్-రేలో కనిపించకపోవచ్చు. పట్టీ వేసి 10 నుంచి 14 రోజుల తర్వాత మళ్లీ తీయాలి. ఆ ఎముకకు రక్తం ఎక్కువగా వేళ్ల వైపు చివర నుంచి వెనక్కి వస్తుంది. విరిగితే మణికట్టు లోపలి వైపు ముక్కకు రక్తం అందకపోవచ్చు. అప్పుడది అతుక్కోదు.

మూడు వారాలు దాటి ఎముక కుదురుగా ఉందని తేలాక నేను మాట మారుస్తాను. ఇక మీదట దగ్గరే మేలు. కీళ్లు కదిలించడం వారానికోసారి చేసే పని కాదు, రోజుకు నాలుగైదుసార్లు పది నిమిషాలు చేసేది. కట్టులో ఉండగానే వేళ్లు ఆడించమని ఎవరూ గట్టిగా చెప్పక, ఆరో వారానికి పిడికిలి మూయలేక వచ్చేవాళ్లు నా దగ్గర బోలెడుమంది. పిల్లలకు ఎముక పెరిగే చోట విరిగితే ఈ మాట వర్తించదు. చెయ్యి బాగానే ఉన్నట్టున్నా ఆరు నెలలకు, ఏడాదికి ఎముకల డాక్టర్‌కి చూపించాలి.

వీడియో కాల్ మందుల సందేహాలకు పనికొస్తుంది, కానీ ఎక్కడ నొప్పో నొక్కి చూడడం అందులో కుదరదు. ఫోన్‌లో వీడియోలు చూసి సొంతంగా చేసే వ్యాయామాలు, ఎముక అతుక్కుందని డాక్టర్ చెప్పాకే.

కొన్నిటికి మాత్రం ఈ బేరీజు అక్కర్లేదు. తలనొప్పి పెరుగుతూ వాంతులు, మగత వస్తున్నా, కట్టులో నొప్పి మాత్రకు లొంగక వేళ్లు కదిపితే ప్రాణం పోతున్నట్టున్నా, అర్ధరాత్రయినా సరే ఏది దగ్గరైతే ఆ ఎమర్జెన్సీకి వెళ్లండి. పెద్దవాళ్లు, ముఖ్యంగా రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, తలకు దెబ్బ తగిలిన మూడు నాలుగు వారాలకు నడకలో తూలినా, మాట తడబడినా అంతే. అప్పటికి పడ్డ సంగతే మర్చిపోయి ఉంటారు, కాబట్టి డాక్టర్‌కి మీరే గుర్తుచేయాలి.